మూడుతో మొదలైన కొలత

ఇన్‌స్పెక్టర్‌కి డిటెక్టివ్ అంటే గిట్టదు. ఆ సంగతి దాచుకునే రకం కూడా కాదాయన. ఆమె స్టేషన్ మెట్లెక్కడం చూసి కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. కిటికీ అవతల పక్కింటి గోడ తప్ప చూడ్డానికేమీ లేదు.

"కేసు అయిపోయింది మేడమ్‌గారూ," అన్నాడు ఆ గోడతో. "మీరు కాలికి బలపం కట్టుకుని తిరగాల్సిన పని లేదు. హంతకుడు లాకప్‌లో ఉన్నాడు, ఆయుధం బీరువాలో ఉంది. రేపు కోర్టు."

"అయిపోయిన కేసే కదా. అతనితో నాలుగు మాటలు మాట్లాడితే మీకొచ్చే నష్టమేముంది?"

"మీరు మాట్లాడితే అయిపోయిన కేసులు మళ్ళీ మొదలవుతుంటాయి."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. రెండేళ్ళ కిందట మునిగిన పడవ కేసులో ఇన్‌స్పెక్టర్ పట్టుకున్న దొంగ అసలు దొంగే కాడని తేల్చింది ఈమే. అప్పుడు పేపర్లో ఆయన పేరు కూడా తప్పుగా అచ్చయింది. ఆ రెండింటిలో ఏది ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందో స్టేషన్లో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

చూడబోతే కేసు నిజంగానే అయిపోయినట్టుంది. రేవుకొచ్చే చేపల్ని కొలిచి, ఉండాల్సిన పొడవు లేనివాటిని పక్కన పెట్టించే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. కొలతల మాస్టారనేవారు. ఈ ఉదయం ఆయన తన గది కిందే ఉన్న ఐసు గుంటలో శవమై కనిపించాడు. తల వెనక బలమైన దెబ్బ. నిన్న సాయంత్రం పడవ నడిపే సరంగు ఒకడు ఆయనతో రేవంతా వినేలా గొడవపడ్డాడు. ఆ సరంగు పడవలోనే, వలల కింద, రక్తం అంటిన కొలత పలక దొరికింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని గోనెగుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి, బీరువాలో పెట్టి చేతులు దులుపుకున్నాడు.

కొలత పలకంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. పొడవాటి చెక్క. ఒక కొసన నిలువుగా బిగించిన దిమ్మ. దిమ్మ దగ్గర సున్నాతో మొదలై అవతలి కొసదాకా పెరిగే అంకెలు. చేప మూతిని దిమ్మకి ఆనించి పడుకోబెడితే తోక ఏ అంకె మీదికొస్తే అదే దాని పొడవు.

డిటెక్టివ్‌ని పిలిచింది సరంగు అక్క. రేవులో చేపల వేలం పాడేది ఆవిడే కాబట్టి చిన్నా పెద్దా అందరికీ వేలం అక్క. ఆవిడ గొంతు విప్పితే అవతలి గట్టు మీద వాళ్ళు కూడా పాట పెంచుతారని చెప్పుకుంటారు. ఈ ఉదయం డిటెక్టివ్ ఇంటి గుమ్మంలో నిలబడినప్పుడు మాత్రం గుసగుసగానే మాట్లాడింది. "మా తమ్ముడు చెయ్యలేదమ్మా," అని ఊరుకుంది.

ఆ తమ్ముడు ఇప్పుడు లాకప్ గోడకానుకుని కూర్చున్నాడు. ముప్ఫై దాటని మనిషి. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

"గొడవ దేనికి?" అడిగింది డిటెక్టివ్.

"నా చేపలన్నీ పొట్టివన్నాడు మేడమ్. ఒక్కటి కూడా పాసు చెయ్యలేదు."

"పొట్టివేనా?"

"ఎలా అవుతాయి? పొట్టివాటిని నేను నీళ్ళలోనే వదిలేస్తాను. పడవ అంచు మీద మేకు ఒకటి, గాటు ఒకటి ఉన్నాయి. మూతి మేకు దగ్గర పెడితే తోక గాటు దాటాలి. దాటలేదా, ప్రాణంతో ఉండగానే తిరిగి నీళ్ళలోకి. మూడేళ్ళ కిందట పడవ కొత్తది వచ్చినప్పుడు మాస్టారి పలక మీద పుల్ల పెట్టి కొలుచుకుని ఆ గాటు వేశాను. అప్పట్నుంచి నా చేప ఒక్కటి తిరిగొచ్చింది లేదు."

"మరి నిన్నేమైంది?"

"నిన్న గోడకున్న పలక ఆయన ముట్టుకోలేదు. గోనెసంచిలోంచి ఇంకోటి తీశాడు, పాతది. దాని మీద పెడితే అన్నీ పొట్టివే."

"నువ్వేమన్నావు?"

సరంగు తల దించుకున్నాడు. "అనరానివన్నీ అన్నాను. పెద్దాయనని కూడా చూడలేదు. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు మేడమ్. 'నీ తప్పు కాదురా' అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. నాకేం అర్థం కాలేదు. ఇంటికెళ్ళి పడుకున్నాను."

వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ దగ్గాడు. "'నీ తప్పు కాదురా' అన్నవాణ్ణి ఎవరైనా చంపుతారా, అదేగా మీ తరవాతి ప్రశ్న?"

"కాదు. సీలు వేసిన పలక ఒక్కసారి చూపిస్తారా అని."

"చూపించను."

"కొలతల గది?"

ఇన్‌స్పెక్టర్ కాసేపు లెక్కలు వేసుకున్నాడు. వద్దంటే ఈవిడ పైవాళ్ళ దగ్గరికి వెళ్తుంది. సరేనంటే తన పెద్దరికం నిలబడుతుంది. "చూసుకోండి. కానిస్టేబుల్ వెంట వస్తాడు. శవాన్ని తియ్యగానే ఆ గదికి తాళం నేనే వేశాను. మా వాళ్ళు తప్ప ఎవరూ లోపల అడుగు పెట్టలేదు. అక్కడ దొరికేదేదైనా ఉంటే మాకే దొరికేది."

"అంతేగా," అంది డిటెక్టివ్ వినయంగా. ఆ వినయం చూసి ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది.

కానిస్టేబుల్ తాళంచెవి తెచ్చేలోగా ఆమె మత్స్యశాఖ ఆఫీసర్ని కలవడానికి వెళ్ళింది. మాస్టారు పనిచేసింది ఆయన కిందే. ఆఫీసు రేవు పక్కనే, మేడ మీద. ఆఫీసర్ నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. టీ తెప్పించాడు. మాస్టారి మాట ఎత్తగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆయన కుర్చీ వెనక గోడంతా రేవుకొచ్చే చేపల పొడవు చూపించే ఒకే ఒక్క గ్రాఫు. అందులో గీత కొన్నేళ్ళు నేలబారుగా నడిచి, మూడేళ్ళ కిందట చివాల్న లేచి, మళ్ళీ దిగకుండా పైనే నిలబడింది. గ్రాఫు పక్కన అలంకారంగా ఒక చిన్న కొలత పలకని వార్నిష్ వేసి తగిలించారు. దిమ్మ కిందికి ఉంది, అంకెలు దాని మీదనుంచి పైకి పెరుగుతున్నాయి. పిల్లల ఎత్తు కొలిచే స్కేలులా ముచ్చటగా ఉంది.

"గోడంతా చేపల గురించేనా?" అడిగింది.

"నా పదేళ్ళ కష్టం అది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం వెలిగింది. "నేను వచ్చిన కొత్తలో ఈ రేవు చచ్చిపోతోంది మేడమ్. దొరికిందల్లా పట్టేసేవాళ్ళు. రెండే రెండు పనులు చేశాను. చేప ఒక్కసారైనా గుడ్లు పెట్టాకే వలకి చిక్కాలి, కాబట్టి ఇంత పొడవు లేనిదే గట్టెక్కకూడదన్నాను. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అవి గుడ్లు పెట్టే చోటుంది. వీళ్ళంతా పురిటిల్లంటారు. అక్కడ వల వెయ్యకూడదన్నాను. అప్పుడు నన్ను తిట్టనివాడు లేడు. ఇప్పుడు చూడండి గీత. చేప ఎదిగింది. రేవూ నిలబడింది. ఎక్కడెక్కడినుంచో ఆఫీసర్లు వచ్చి ఈ గోడ ముందు ఫొటోలు తీసుకుని వెళ్తున్నారు."

"ఇవాళ రేవు కమిటీలో ఓటు ఉందని విన్నాను. దేనికది?"

"పురిటిల్లు తెరవడానికి. చేప కోలుకుందని రిపోర్టు ఇచ్చాను కదా, ఇక కొన్ని పడవల్ని అనుమతించొచ్చు. మూడింటికి మీటింగు. మాస్టారు లేకుండా జరుపుకోవాల్సి వస్తుందనుకోలేదు."

"ఆ అంకెలన్నీ మాస్టారు కొలిచినవేనా?"

"ప్రతి ఒక్కటీ."

"నిన్న సాయంత్రం ఆయన్ని చూశారా?"

"లేదు. రిపోర్టుతోనే సరిపోయింది, రేవు మొహం చూడలేదు. గొడవ సంగతి కూడా పొద్దున్నే విన్నాను."

"పలక పోలీసులు పట్టుకెళ్ళారు. రేపట్నుంచి కొలతలెలా మరి?"

"దానికేముంది, గోడకున్న పలక ఉందిగా. గది తాళం ఇస్తే చాలు." ఆయన టీ కప్పు ఆమె దగ్గరికి జరిపాడు. "చల్లారిపోతోంది మేడమ్."

టీ బాగుంది. మనిషీ బాగున్నాడు. చేపల గురించి ఇంత ప్రేమగా మాట్లాడే ఆఫీసర్ని తను చూడలేదనుకుంటూ ఆమె మెట్లు దిగింది.

కొలతల గది వేలం హాలుకి ఒక పక్కన ఉంది. సిమెంటు బల్ల, దాని పక్కన నీళ్ళ గొట్టం, నేలలో కాలవ. మూలన చెక్క తలుపు ఎత్తితే కిందికి ఐసు గుంట. నిన్నటి రక్తాన్ని ఎవరో గొట్టంతో కడిగేశారు, కాలవ అంచున మాత్రం కొంచెం మిగిలింది. అంటే దెబ్బ పడింది ఇక్కడే, పైన. మనిషిని కిందికి తోసింది ఆ తరవాత. గొడవ జరిగింది బయట వేలం హాల్లో, పడవలాళ్ళ మధ్యన. గొడవయ్యాక మాస్టారు ఈ గదిలో ఇంకెవరితోనో మాట్లాడుతూ నిలబడ్డాడు.

వెంట వచ్చిన వేలం అక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రాలేదు.

ఎదురు గోడకి మేకు, మేకుకి కొలత పలక. డిటెక్టివ్ ముందు దాన్ని ఊరికే చూసింది. ఆ తరవాత దగ్గరికెళ్ళి చూసింది. దిమ్మ కింద ఉంది, అంకెలు నిటారుగా పైకి పోతున్నాయి కాబట్టి చదవడం తేలిక. దిమ్మకి ఆనుకుని మూడు. దాని మీద నాలుగు, ఐదు, ఆరు. ఒకటీ రెండూ లేవు. సున్నా అసలే లేదు.

"కానిస్టేబుల్‌గారూ, ఒకసారి ఇటు రండి. ఇక్కడ మీకు ఒకటి కనిపిస్తోందా?"

ఆయన కళ్ళు చికిలించాడు. "లేదు మేడమ్. చెరిగిపోయిందేమో."

చెరిగిపోలేదు. పలక మీదినుంచి కారిన నీళ్ళూ జిగురూ దిమ్మ దగ్గర నిలిచి, అక్కడి చెక్క ఉబ్బింది. ఉబ్బిన చోట సన్నగా నెర్రె విచ్చింది. డిటెక్టివ్ అందులోకి గోరు దూర్చింది. దిమ్మ ముందు భాగం దిమ్మ కాదు. బొటనవేలంత మందమున్న వేరే చెక్కముక్క. అదే జాతి చెక్క, అదే రంగు, ఎంతో ఓపికగా నునుపు చేసి అతికించింది. చేప మూతి సున్నా దగ్గర ఆనాల్సింది రెండంకెలు దాటి ఆనుతోంది. కాబట్టి ప్రతి చేపా ఉన్నదానికంటే రెండు సెంటీమీటర్లకి పైగా పొడుగ్గా తేలుతుంది.

ఇన్నాళ్ళూ ఎవరూ చూడకపోవడంలో వింతేమీ లేదు. పలక చూసేవాళ్ళంతా తోక వైపే చూస్తారు. రెండు సెంటీమీటర్ల చేపని కొలతకి తెచ్చేవాడెవడు?

ఆమె పలకని దింపించి, ఒక వెదురుపుల్లని దిమ్మనుంచి చేప పాసయ్యే పొడవు దగ్గరున్న గీత దాకా కొలిచి విరిచింది. ముగ్గురూ రేవు గట్టుకెళ్ళారు. సరంగు పడవ కట్టే ఉంది. డిటెక్టివ్ పడవలోకి దిగి వెనక్కి చెయ్యి చాపింది. వేలం అక్క రెండడుగులు వెనక్కి వేసింది.

"నన్ను పిలవకండమ్మా. నేను గట్టు మనిషిని. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. మా నాన్న చచ్చేదాకా తిట్టాడు, అయినా ఎక్కలేదు."

మేకు నుంచి గాటు దాకా పుల్ల అతికినట్టు సరిపోయింది. సరంగు అబద్ధమాడలేదు. ఇసుకలో బోర్లించిన వాళ్ళ నాన్న పాత పడవకీ అలాంటి గాటే ఉంది. అది ఎప్పటిదో, మాస్టారి పలక సరిగ్గా ఉన్న రోజులది. అక్కడ పుల్ల చాలలేదు. బొటనవేలంత తక్కువైంది.

డిటెక్టివ్ ఆ ఖాళీలో వేలు పెట్టి చూపించింది. వేలం అక్క ఆ వేలు వంక చూడలేదు. సముద్రం వంక చూస్తూ బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది.

"అక్కా. ఇది మీకు ముందే తెలుసు."

వేలం అక్క పాత పడవ అంచు మీది ఇసుక చేత్తో దులిపింది.

"మీ తమ్ముడికి తెలియదు. తెలిస్తే నిన్న అలా అరిచేవాడు కాదు. మీకు తెలుసు. మాస్టారు ఎవరి కోసం చేశాడు ఈ పని?"

"నా కోసం," అంది వేలం అక్క. అని, పాత పడవకానుకుని ఇసుకలో కూలబడింది. "నేనే అడిగాను. మూడేళ్ళ కిందట, ఆ ఏడు చేప బాగా చిన్నదైపోయింది. ఏ పడవ వచ్చినా సగం పక్కకే. చచ్చిన చేప మళ్ళీ ఎదుగుతుందా, పారెయ్యడమే కదా? ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు పట్టుకుని నా మొహం వంక చూసేవాళ్ళు. ఒకరోజు మాస్టారి దగ్గరికెళ్ళి, ఒక బొటనవేలంత వదిలెయ్యండి బాబూ, ఈ ఒక్క కాలానికి, అన్నాను. వారం తిరిగేసరికి చేపలన్నీ పాసవడం మొదలెట్టాయి. ఆయన నాకేం చెప్పలేదు. నేనూ అడగలేదు."

"తరవాత తీసెయ్యలేదేం?"

"తీస్తే రాత్రికి రాత్రి రేవంతా పొట్టిదైపోదూ? ఎందుకని అడగరూ? ఈలోగా ఆఫీసర్‌గారి గోడ మీద గీత లేచింది. చేప పెరిగిందని దండలు వేశారు, ఫొటోలు తీశారు. 'చేప పెరగలేదమ్మా, నేనతికించిన చెక్క అది' అని మాస్టారు నా దగ్గర ఏడ్చాడు. ఇక పురిటిల్లు తెరుస్తారని తెలిశాక మనిషికి నిద్ర లేదు. ఇన్నాళ్ళూ గుడ్లు పెట్టని చేపనే పట్టుకొస్తున్నాం కదా, ఆ ఒక్క చోటూ మిగలబట్టే ఈ మాత్రమైనా వలకి తగులుతోంది, అదీ పోతే రేవుకి మిగిలేది ఉప్పునీళ్ళే, అన్నాడు. నిన్న అసలు పలక బయటికి తీశాడంటే ఇక చెప్పేద్దామనే."

"మీ తమ్ముడు లాకప్‌లో ఉన్నాడు. పొద్దున్నే నాతో ఎందుకు చెప్పలేదు?"

"పోయినాయన్ని దొంగని చెయ్యమంటారా?" వేలం అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "అదీ కాదులెండి. నాకు భయమేసింది. రేవంతా నన్ను నమ్మి బుట్టలు నా ముందు పెడుతుంది."

డిటెక్టివ్‌కి కోపం వచ్చింది, జాలీ వేసింది. రెండింటికీ టైము లేదు. మాస్టారి నోరు మూయించింది ఎవరన్నది ఇంకా తేలలేదు. పురిటిల్లు తెరిస్తే లాభపడే పెద్ద పడవల ఓనర్లు కమిటీ నిండా ఉన్నారు, వాళ్ళలో ఒకడై ఉంటాడు. ముందు ఓటు ఆగాలి. ఓటు ఆగితే మాస్టారి చావుకి కారణం బయటపడుతుంది, సరంగు మెడకున్న ఉచ్చూ సడలుతుంది.

"లేవండి. తిన్నగా ఆఫీసర్ దగ్గరికి వెళ్ళండి. నాతో చెప్పిందంతా ఆయనతో చెప్పండి. రిపోర్టు ఆయనది, ఓటు ఆపగలిగేదీ ఆయనే. పదేళ్ళుగా ఆ చేపల కోసం పాటుపడ్డ మనిషి, మీ మాట వింటాడు. నేను స్టేషన్‌కెళ్ళి రెండో పలక సంగతి చూస్తాను."

"మా తమ్ముడు బయటికొస్తాడా?"

"వస్తాడు."

వేలం అక్క చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో పరుగులాంటి నడకతో వెళ్ళింది.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ఈసారి కిటికీ వైపు తిరగలేదు. కానిస్టేబుల్ చంకలో పలక చూసి లేచి నిలబడ్డాడు. "ఏ వస్తువూ ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"మీరు చెప్పలేదు సార్," అన్నాడు కానిస్టేబుల్ నిజాయితీగా.

"మీ బీరువాలో ఉన్నదాని పక్కన దీన్ని ఒక్క నిమిషం పెట్టాలి," అంది డిటెక్టివ్.

"సీలు విప్పడం కుదరదు."

"వేసింది మీరే, విప్పేదీ మీరే. అసలు హంతకుణ్ణి పట్టుకుంటే మళ్ళీ పేపర్లో పడతారు. ఈసారి పేరు సరిగ్గా రాయమని నేనే ఫోన్ చేసి చెప్తాను."

ఇన్‌స్పెక్టర్ ఆమెని చంపేసేలా చూశాడు. తరవాత బీరువా తీశాడు.

రెండు పలకలూ బల్ల మీద పక్కపక్కన పడుకున్నాయి. రక్తం అంటినదానికి దిమ్మ పక్కన సున్నా, ఒకటి, రెండు, మూడు. రెండోదానికి దిమ్మ పక్కనే మూడు. ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు, వేలితో లెక్కపెట్టాడు, అతుకులో తన గోరు కూడా దూర్చాడు. మూడేళ్ళ కిందటి సంగతంతా డిటెక్టివ్ చెప్పింది.

"అయితే వీడి పడవలో దొరికింది సరైన పలకన్నమాట," అన్నాడు చివరికి. "చంపినవాడు దాన్ని సముద్రంలో విసిరెయ్యొచ్చుగా?"

"చెక్క తేలుతుంది. ఏ వలకో తగిలి రేవుకే వస్తుంది. పగలగొట్టినా కాల్చినా ఎవడో ఒకడు చూస్తాడు. మీ సీలు కింద ఉంటే కేసు తేలేదాకా దాని మీద ఎవరూ చేపని పడుకోబెట్టరు. పైగా నిన్నటి గొడవ ఎలాగూ ఉంది, నేరం సరంగు మీదికి పోతుంది."

"అంటే నన్ను బీరువాలా వాడుకున్నాడు." ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. ఆయన్ని ఎవరేమన్నా అనొచ్చు, మోసపోయాడని మాత్రం అనకూడదు.

గదిలో తను చూసింది చూసినట్టు ఆయనకీ చూపించాలని డిటెక్టివ్ అతుకు పలకని లాకప్ ఎదురుగా ఉన్న మేకుకి తగిలించింది. దిమ్మ కిందికి, అంకెలు పైకి.

"అదేంటి మేడమ్, అలా తలకిందులుగా తగిలించారు?" కటకటాల వెనకనుంచి సరంగు అన్నాడు.

"గదిలో ఇలాగే ఉంది."

"ఉండదు. దిమ్మ పైకి ఉండాలి. దిమ్మ కింద పెడితే నీళ్ళు దాని మీద నిలిచి చెక్క ఉబ్బుతుందని మాస్టారు చంపేసేవాడు. ఈ మూడేళ్ళూ మరీను. రేవులో బుట్టలు మోసేవాళ్ళకి కూడా తెలుసు ఆ సంగతి. పొరపాటున కూడా ఎవరూ అలా తగిలించరు. ఆయన..." సరంగు మోకాళ్ళ మీదికి తల వాల్చాడు. ఆయన ఇక తిట్టడని అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

డిటెక్టివ్ మేకు మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

మాస్టారు నిన్న రెండు పలకలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఎవరికో చూపించాడు, ఇప్పుడు తను ఇన్‌స్పెక్టర్‌కి చూపించినట్టే. ఆ మనిషి ఒక పలకతో కొట్టి, రెండోదాన్ని ఏమీ జరగనట్టు తిరిగి మేకుకి తగిలించాడు. పడవ ఓనరైతే చిన్నప్పట్నుంచీ చూసినట్టు దిమ్మ పైకి పెట్టి తగిలించేవాడు. చేపని చేత్తో పట్టనివాడికి పలకంటే అంకెలు. అంకెలు నిటారుగా, కిందనుంచి పైకి, గ్రాఫులో గీతలా పెరగాలి. ఆ ఆఫీసు గోడ మీద ఉన్నట్టే. ఆ గీత అబద్ధమని తేలితే కూలేది ఆయన పదేళ్ళ పేరే.

గోడకున్న పలక ఉందిగా, అన్నాడాయన టీ కప్పు జరుపుతూ. పోలీసులు పట్టుకెళ్ళింది గోడకున్నది కాదనీ, అది గోడకే ఉందనీ, పొద్దుట్నుంచీ తాళం వేసున్న గది సంగతి రేవు మొహం చూడని మనిషికి ఎలా తెలిసింది? ఆ మాట తన చెవులారా విని, టీ తాగి, బాగుందనుకుని వచ్చింది. పప్పులో కాలేసింది తను. వేసిన కాలుతోనే ఇంకో మనిషిని ఆయన దగ్గరికి పంపించింది.

"ఆఫీసర్," అంది. "ఫోన్ చెయ్యండి. వేలం అక్క ఆయన గదిలో ఉంది. నేనే పంపాను."

ఇన్‌స్పెక్టర్ ఎందుకని అడగలేదు. అదొక్కటి ఆయన్ని మెచ్చుకోవాలి. డయల్ చేసి, ఎత్తిన ప్యూన్ చెప్పిందంతా గట్టిగా తిరిగి చెబుతూ పోయాడు.

"ఆఫీసులో లేరా? ఎప్పుడెళ్ళారు? ఇందాకే. ఎక్కడికి? పురిటిల్లు చూపించడానికా? ఓటుకి ముందు ఆవిడ తన కళ్ళతో చేపల్ని చూడాలన్నారా. డిపార్ట్‌మెంట్ లాంచీలో. డ్రైవర్ ఎవరు? వద్దన్నారా? తనే నడుపుతానన్నారా."

ఫోన్ పెట్టేసిన చప్పుడు స్టేషనంతా వినిపించింది.

"ఆవిడ పడవెక్కదు కదా," అంది డిటెక్టివ్. "నాన్న తిట్టినా ఎక్కలేదని నాతోనే అంది."

సరంగు లేచి కటకటాలు పట్టుకున్నాడు. అరవలేదు.

"నన్ను విడిపిస్తానని చెప్పుంటాడు. ఎక్కుంటుంది," అన్నాడు. "మా అక్కకి ఈత రాదు మేడమ్."

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది పలక వంకా, మేకుకున్న పలక వంకా, కటకటాల వెనకున్న మనిషి వంకా ఒకసారి చూశాడు. తరవాత నడుముకున్న తాళాల గుత్తి విప్పి, లాకప్ తలుపు తీశాడు.

"నీ పడవలో డీజిలుందా?" అని అడిగాడు.